ఒక ఇంటికి ఒకే బోనస్

బ్రైలా ఊళ్ళో, దాన్యూబ్ నదికి నాలుగు వీధుల ఇవతల ఉన్న ఆ పాత బిల్డింగులో, రెండో అంతస్తు తొమ్మిదో నంబరు ఫ్లాటు తలుపు రోజూ ఉదయం పది నుంచి పన్నెండు దాకా బార్లా తెరిచి ఉంటుంది. గాలికి మూసుకుపోకుండా గడప దగ్గర ఓ పాత ఇనుప ఇస్త్రీపెట్టె అడ్డం. ఆ రెండు గంటలూ నాలుగో అంతస్తు లాంబే వచ్చి ఒలింపియా వంటింట్లో కూర్చుంటాడు. మొగుడు పోయి ఆరేళ్ళయిన ఆడది, పెళ్ళే చేసుకోని మగాడు, మూసిన తలుపు వెనక ఏం చేస్తున్నారో అని కింద బెంచీ మీద ఎవరూ బుగ్గలు నొక్కుకోకూడదని ఆవిడ ముందుచూపు. తలుపు తెరిచి పెట్టినా నొక్కుకునేవాళ్ళు నొక్కుకుంటూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇంతకీ ఆ వంటింట్లో జరిగే ఘనకార్యం ఏమిటంటే, ఆన్‌లైన్ కాసినోలు కొత్తగా చేరినవాళ్ళకి ఊరికే ఇచ్చే స్పిన్లు పుచ్చుకోవడం. గుర్తింపు కార్డు ఫొటో పంపితే చాలు, పైసా కట్టకుండా యాభై సార్లు బొమ్మల చక్రం తిప్పుకోవచ్చు. వచ్చింది చేతికి అందాలంటే మాత్రం దాన్ని మళ్ళీ నలభై రెట్లు ఆడాలి. అక్కడే అందరి సరదా తీరిపోతుంది. రెండేళ్ళుగా వీళ్ళిద్దరికీ తీరుతూనే ఉంది. సొంత డబ్బు ఒక్క లేయి కూడా పెట్టకూడదని ఒలింపియా శాసనం. పెట్టిన రోజున ఈ గడప తొక్కనివ్వనని మొదట్లోనే చెప్పేసింది.

ఒలింపియా ముప్పై ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిచూసే పని చేసింది. చొక్కా చేతికిస్తే ఏ కుట్టు తప్పిందో కళ్ళజోడు లేకుండా చెప్పేది. ఇప్పుడు కాసినో షరతులూ అలాగే చదువుతుంది, వేలు పెట్టి, వరస వరసా. లాంబే ముప్పై నాలుగేళ్ళు నది మీద టగ్గుబోటు ఇంజను దగ్గర గడిపాడు. తోటివాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకునే వయసులో ఈయన ఏ రేవులోనో నూనె మరకలు తుడుచుకుంటూ ఉన్నాడు. మాట నోట్లోంచి ఊడిపడడానికి కాఫీ చల్లారేంత సేపు పడుతుంది.

ఆ అక్టోబరు ఉదయం ఆయన నువ్వులద్దిన కొవ్రిగ్ రొట్టెచుట్టల పొట్లం బల్ల మీద పెట్టి, కూర్చుని, ఫోను తీయలేదు.

"ఏం, ఇవాళ ఫోనుకి జ్వరమా?" అంది ఒలింపియా, రాగి గిన్నెలో కాఫీ పొంగనిచ్చి దించుతూ.

"మా చెల్లెలు ఉత్తరం రాసింది."

ఆవిడకి తెలుసు. నాలుగో అంతస్తువాడి పోస్టుపెట్టె తలుపు విరిగి మూడేళ్ళయింది. ఆయన ఉత్తరాలన్నీ ఆవిడ పెట్టెలోకే వస్తాయి. నిన్న ఆ కవరు తీసి ఆయన చేతిలో పెట్టింది ఆవిడే.

"తుల్చాలో ఇంటి వెనక గది ఖాళీగా ఉందట. రేగుపళ్ళ చెట్లున్నాయి, ఒంటరిగా ఎన్నాళ్ళుంటావు, వచ్చెయ్యి అంటోంది. సెయింట్ దుమిత్రు పండగ లోపల ఏదో ఒకటి చెప్పాలి. లేకపోతే ఆ గది ఎవరికో అద్దెకిస్తుందట."

పండగ ఇంకా నాలుగు రోజులుంది. ఒలింపియా చేతిలోని కప్పులో కాఫీ కాస్త ఒలికింది. తుడుచుకుంటూ, "మంచిదేగా. మీ చెల్లెలు చేపల పులుసు బాగా చేస్తుందని మీరే అన్నారు," అంది. అలా అన్నందుకు తన నాలుకని తనే కొరికేయాలనిపించింది.

"బాగానే చేస్తుంది," అన్నాడు లాంబే. కొవ్రిగ్ తుంచుకుని నమిలాడు. "నిమ్మకాయ ఎక్కువ వేస్తుంది."

ఉండమని అనాలి. అనడానికి ఒక్క మాట చాలు. కానీ అరవై మూడేళ్ళ వయసులో ఏ వరసతో అంటుంది? ఏ హక్కుతో? ఆయన ఇన్నాళ్ళలో ఏదీ అడగలేదు. సెప్టెంబరు అంతా కూర్చుని ఆవిడతో పాటు కాల్చిన మిరపకాయల తొక్కలు ఒలిచాడు. ఇద్దరూ కలిసి శీతాకాలానికి ఇరవై రెండు సీసాల జకుస్కా పచ్చడి పెట్టారు. సీసాలు అటక మీదికి ఎక్కించాడు, కుళాయి బాగుచేశాడు, బాల్కనీ గొళ్ళెం బిగించాడు. అడగడం మాత్రం చేతకాలేదు. చేతకాలేదో, ఇష్టమే లేదో, ఆ అనుమానం ఆవిడని పురుగులా తొలుస్తూనే ఉంది.

"సరే, ఫోను తియ్యండి. ఆ కొత్తవాళ్ళ స్పిన్లు ఇవాళ్టితో అయిపోతాయి," అంది విసురుగా.

లాంబే తీసి, మిగిలిన ఆటలు తిప్పాడు. కనుబొమలు పైకెళ్ళాయి. ఫోను ఆవిడ వైపు తిప్పాడు. మొన్న మొదలుపెట్టిన నలభై రెట్లు పూర్తయ్యాయి. ఆరువందల నలభై లేయి నిలబడి ఉంది. తీసుకోండి అని ఆకుపచ్చ మీట వెలుగుతోంది.

రెండేళ్ళలో ఇది మొదటిసారి. ఒలింపియా ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "అయ్య బాబోయ్, లాంబే! ఆ చక్రం మీది చెర్రీపళ్ళకి మన మీద జాలేసింది!"

"ఇద్దరం మాచిన్ రేవు దాకా వెళ్ళొద్దాం," అన్నాడాయన, చెవులు ఎర్రబడుతుండగా. "నది ఒడ్డున భోంచేసి... మీకు కొత్త చలికోటు కూడా..."

"నా కోటుకేం? ముందు మీట నొక్కండి."

నొక్కాడు. కాసేపటికి కాసినోవాళ్ళ చాట్ కిటికీ తెరుచుకుంది. అవతల ఇలింకా అనే అమ్మాయి. మర్యాదగా పలకరించి, అసలు విషయానికి వచ్చింది. లాంబే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు.

"మీ గుర్తింపు కార్డులో ఫ్లాటు నంబరు పదిహేడు. మీరు ఖాతాలో నింపినది తొమ్మిది. అదే తొమ్మిదో నంబరు నుంచి, అదే ఇంటర్నెట్ మీద, ఒలింపియా జర్నెస్కు గారు కూడా బోనస్ తీసుకున్నారు. మా షరతుల ప్రకారం ఒక ఇంటికి ఒకే బోనస్."

ఒలింపియా కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టింది. "తొమ్మిదని ఎందుకు రాశారండీ మీరు?"

"చిరునామా అడిగింది కదా. నా ఉత్తరాలు వచ్చేది ఇక్కడికేగా."

"ఉత్తరాలు రావడం వేరు, కాపురం ఉండడం వేరు! చదువుకున్నారుగా కాస్తో కూస్తో!"

ఆ షరతు ఆవిడ చదవకపోలేదు. వేలు పెట్టి మరీ చదివింది. రెండు అంతస్తుల దూరంలో రెండు గడపలు, మనకేం వర్తిస్తుంది అనుకుని దాటేసింది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత పెద్ద కుట్టు ఎప్పుడూ వదిలెయ్యలేదు.

ఇలింకా మళ్ళీ రాసింది. మీరిద్దరూ ఒకే ఇంటివారా?

"కాదని కొట్టండి," అంది ఒలింపియా.

లాంబే చూపుడువేలు ఫోను మీద గాల్లో ఆగిపోయింది. ఆఖరికి ఏదో కొట్టాడు. ఆవిడ తొంగిచూసింది. "చెబుతాను, ఉండండమ్మా" అని ఉంది.

"ఇదేం జవాబండీ? ఆ పిల్ల నవ్విపోతుంది."

ఇలింకా నవ్విందో లేదో గానీ, దారి చెప్పింది. ఒకే ఇంటివారు కాకపోతే ఆ మాటే కాగితం మీద చేత్తో రాసి, నా సొంత బాధ్యత మీద ప్రకటిస్తున్నాను అని సంతకం పెట్టి, ఫొటో పంపండి. డబ్బు ఈరోజే వేసేస్తాం.

ఈ దేశంలో సొంత బాధ్యత మీద ప్రకటన రాయకుండా అరవై దాటినవాళ్ళు లేరు. నీళ్ళ మీటరుకి ఒకటి, పింఛనుకి ఒకటి, పోయిన తాళంచెవికి ఒకటి. ఒలింపియా సొరుగులోంచి తెల్లకాగితం, పెన్ను తీసి బల్ల మీద పెట్టింది.

"నేను చెబుతాను, మీరు రాయండి. కింద సంతకం చేసిన నేను, హరలంబియే మోకాను..."

ఆయన రాశాడు. పూర్తి పేరు, కార్డు నంబరు, వీధి, బిల్డింగు, ఫ్లాటు.

"...నా సొంత బాధ్యత మీద ప్రకటించునది ఏమనగా, నేనూ, శ్రీమతి ఒలింపియా జర్నెస్కూ ఒకే ఇంటివారము కాము. మా ఇద్దరికీ..." ఆవిడ దగ్గింది. "మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు."

చెప్పడం అయితే చెప్పింది. చెప్పాక ఆ వంటిల్లు అంత చిన్నది, అంత ఖాళీ అని అప్పుడే తెలిసినట్టుంది. ఈ కాగితం వెళ్తుంది, డబ్బు వస్తుంది, నాలుగు రోజుల్లో ఆయన తుల్చాకి వెళ్తాడు. అన్నీ సక్రమంగానే జరుగుతాయి. కంట నీళ్ళు తిరుగుతుంటే కాఫీ గిన్నె కడిగే మిషతో కుళాయి వైపు తిరిగింది. కడిగిందే కడిగింది.

వెనకనుంచి పెన్ను గీసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్ళీ గీసుకుంది. ఆవిడ చెప్పిన వాక్యానికి అంత సేపు పట్టదు. ఏమైంది ఈయనకి అనుకుంది గానీ తిరగలేదు. కింద మెట్ల మీద ఎవరో ఆగి ఆగి సంచీ ఈడ్చుకుంటూ ఎక్కుతున్నారు. మూడో అంతస్తు లియోంతినా అయి ఉంటుంది. ఇటు చూడకుండా దాటదు.

"అయింది," అన్నాడు లాంబే.

కాగితం ఆవిడ ముందుకి జరిపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో లెక్క చూపించిన పిల్లాడిలా కూర్చున్నాడు. ఒలింపియా చేతులు వంటింటి తువ్వాలుకి తుడుచుకుని, కళ్ళజోడు దించి, అలవాటుగా వేలు పెట్టి చదివింది.

'కింద సంతకం చేసిన నేను, హరలంబియే మోకాను, ఫ్లాటు నంబరు పదిహేడు, నా సొంత బాధ్యత మీద ప్రకటించునది ఏమనగా, రెండేళ్ళుగా నా కాఫీ ఈ ఇంట్లోనే. నా ఉత్తరాలు ఈ ఇంటికే. అటక మీద ఉన్న ఇరవై రెండు సీసాల్లో మిరపకాయల్లో సగం ఒలిచింది నేను. పైన నా ఫ్లాటులో పడుకోవడం తప్ప వేరే పని ఉండదు. అక్కడ ఉన్నంతసేపూ ఎప్పుడు పది అవుతుందా అని చూస్తాను. ఒకే ఇంటివారము కాము అని రాయడం నా వల్ల కాదు. శ్రీమతి ఒలింపియా ఒప్పుకుంటే ఒకే ఇంటివారము. ఒప్పుకోకపోతే, తుల్చా వెళ్తాను. ఆరువందల నలభై లేయి నాకు వద్దు.'

ఆవిడ ఒకసారి చదివింది. రెండోసారి చదివింది. ముప్పై నాలుగేళ్ళు నది మీద మోగిన ఇంజను పక్కన ఉన్న మనిషి, ఇన్ని మాటలు ఎక్కడ దాచుకున్నాడో.

"ఇందులో ఒక తప్పుంది," అంది.

లాంబే మొహం పాలిపోయింది. "ఏదండీ?"

ఒలింపియా ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుంది. మొదటి వరసలో పదిహేడు అన్న అంకె మీద అడ్డంగా గీత కొట్టింది. పైన తొమ్మిది అని వేసి, పక్కన తన పొట్టి సంతకం పెట్టింది. కొట్టివేతల పక్కన సంతకం లేకపోతే ఏ ఆఫీసులోనూ చెల్లదు కదా.

ఆయన ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడే ఫోను అందుకుని, కాగితం ఫొటో తీసి, ఇలింకాకి పంపేసింది.

జవాబు వెంటనే రాలేదు. వచ్చాక మాత్రం నియమం నియమమే. ఒకే ఇంటివారు కనుక రెండో బోనస్ రద్దయింది, దానితో వచ్చిన మొత్తం కూడా రద్దయింది, అర్థం చేసుకున్నందుకు ధన్యవాదాలు. ఆ కింద విడిగా ఇంకో చిన్న వరస ఉంది. అది షరతుల్లో లేనిది. "మిరపకాయలు ఒలిచే మనిషిని తుల్చా పంపకండి ఆంటీ."

ఒలింపియా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. కొవ్రిగ్ సగం తుంచి లాంబే చేతిలో పెట్టింది.

"ఆరువందల నలభై పోగొట్టావు," అంది. "ఇంక నా పాత కోటుతోనే చావాలి."

"సొంత డబ్బు ఒక్క లేయి కూడా పెట్టలేదు కదా," అన్నాడాయన.

బయట మెట్ల దగ్గర సంచీ చప్పుడు వాళ్ళ గుమ్మం ముందు ఆగింది. లియోంతినా గొంతు పలికింది. "ఒలింపియా, తలుపు తీసే ఉందేంటే? చలి లోపలికి పోతోంది!"

"అవును, చలేస్తోంది," అని గట్టిగా బదులిచ్చి, ఒలింపియా లాంబే వైపు తిరిగింది. "వెళ్ళి తలుపు వేసి రా."

ఆయన లేచాడు. గడప దగ్గర వంగిన చప్పుడు వినిపించింది. తలుపు మూసుకుంది.

"ఈ ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టను?" అన్నాడు లాంబే అక్కడినుంచే.

"అటక మీద పెట్టెయ్," అంది ఒలింపియా. "ఇక దాంతో పనేముంది."