సర్దిపెట్టిన బల్ల

ఇలా రా బంగారం, నా పక్కన కూర్చో. పక్కింటి కబుర్లు తరువాత విందువుగాని. మా తమ్ముడి సంగతి చెబుతాను.

వాడు గోడలకు సున్నం వేసేవాడు. ఒకరోజు నిచ్చెన మీద ఉండగా డబ్బా ఒలికి సున్నం కళ్ళలో పడింది. రెండు కళ్ళూ పోయాయి. ఆ తరువాత మా మరదలు, అంటే వాడి భార్య, వాడిని కాలు కింద పెట్టనివ్వలేదు. మంచినీళ్ళు చేతికి, చొక్కా భుజానికి, చెప్పులు పాదాల కిందికి. ప్రేమే, కాదనను. కానీ మనిషి మూలన పెట్టిన చీపురులా అయిపోయాడు.

ఇలాంటివాళ్ళకు పని చూపించే ఆఫీసులో ఒక పిల్ల ఉందని తెలిసి తీసుకువెళ్ళాను. చూపు లేనివాళ్ళందరినీ కుర్చీలు అల్లడానికి పంపడం అక్కడి అలవాటు. ఆ పిల్ల మాత్రం, "మీకేం చెయ్యాలనుందండీ?" అని అడిగింది. మా మరదలు నోరు తెరవబోయింది.

"అమ్మా, ఆయన్ని చెప్పనివ్వండి."

"చిన్నప్పుడు సైకిళ్ళు విప్పేసి మా అక్క చేత తిట్లు తినేవాణ్ణి," అన్నాడు వాడు. "పంచరు పట్టుకోడానికి కళ్ళెందుకు తల్లీ, చెవి చాలు."

ఆ పిల్ల ఒక సైకిల్ షాపు యజమానిని ఒప్పించింది. బల్ల మీద ఎడమపక్క నట్లు విప్పే పానాలు, మధ్యలో ట్యూబు గీకే ఆకురాయి, కుడిపక్క జిగురు అని వాడి చేతులకు అలవాటు చేసింది. ఇక యజమాని ఎదుట ఒక ట్యూబు బాగుచేసి చూపాలి. నచ్చితే పని. లేకపోతే మళ్ళీ ఆ మూలకే.

ఆ రోజు షాపు తెరవగానే మా మరదలు అందరికన్నా ముందు వెళ్ళింది. బల్ల మీద జిడ్డూ దుమ్మూ చూసి ప్రాణం ఒప్పలేదు. శుభ్రంగా తుడిచి, సామానంతా ఒక డబ్బాలో సర్దింది.

వాడు వచ్చి ఎడమచెయ్యి చాచాడు. ఏమీ లేదు. కుడిచెయ్యి చాచాడు. ఏమీ లేదు. యజమాని గొంతు సవరించుకున్నాడు.

"ఇదిగోండి పానా," అంటూ మరదలు చేతికివ్వబోయింది.

"ఇవ్వకు," అన్నాడు మెల్లగా. "నువ్వందిస్తే ఇది నీ పనవుతుంది."

ఆఫీసు పిల్ల కూడా నిలబడినచోటు నుంచి కదలలేదు. వాడు బల్ల అంచు పట్టుకుని తడుముకుంటూ వెళ్ళి డబ్బా కనుక్కున్నాడు. ఒక్కో వస్తువూ తీసి దాని చోట పెట్టుకున్నాడు.

"ఇంతసేపా?" అన్నాడు యజమాని.

"ఇల్లు మారితే ఎవరికైనా గరిటె వెంటనే దొరకదు కదయ్యా."

యజమాని నవ్వలేదు గానీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

వాడు ట్యూబులో గాలి నింపి, చెంప దగ్గర మెల్లగా తిప్పాడు. ఒకచోట ఆగాడు. గీకి, జిగురు రాసి, రబ్బరు ముక్క అతికించాడు. యజమాని దాన్ని తొట్టిలో ముంచి చూశాడు. ఒక్క బుడగ పైకి రాలేదు.

"రేపటినుంచి రా," అన్నాడు. మరదలి వైపు తిరిగి, "మీరు మాత్రం రాకండమ్మా."

దారిలో అది కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచే చేద్దామనుకున్నా వదినా."

"తెలుసులేవే," అన్నాడు తమ్ముడు. "రేపు నా చెప్పులు నేనే వెతుక్కుంటాను."

నువ్వు కూడా ఎప్పుడో ఒకరికి దారి చూపించాల్సి వస్తుంది. అప్పుడు ఈ బల్ల గుర్తు తెచ్చుకో. నీ పిల్లలకూ చెప్పు. మా మరదల్ని మరీ చెడ్డదాన్ని చెయ్యకుండా చెప్పు.