ఊరికో ఓటు

మొదట్లో దామోదర్ చేతిలో ఉన్నవి పదకొండు ఇళ్ళు. న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో తెలుగు సంఘం సభ్యులు అంతే. ఆక్లాండ్‌లో నలభై, టౌరంగాలో నాలుగు. తలలు లెక్కపెట్టి ఓటేస్తే సంఘం విందు ప్రతి ఏడూ ఆక్లాండ్‌లోని ఫ్లాట్ బుష్‌కే పోయేది. ఒక్కసారి హామిల్టన్‌లో జరిగితే, తను కొత్తగా పెట్టిన సరుకుల కొట్టు అందరి కంట్లో పడుతుందని అతని ఆశ.

దారి కూతురు సిరి పాఠంలో దొరికింది. ఆ పిల్ల యూనివర్సిటీలో అమెరికా రాజకీయాలు చదువుతోంది.

"అక్కడ రెండు సభలు నాన్నా. ఒకదాంట్లో జనాభాని బట్టి సీట్లు. సెనేట్‌లో మాత్రం చిన్న స్టేట్‌కైనా పెద్ద స్టేట్‌కైనా రెండే. చిన్నవాళ్ళని పెద్దవాళ్ళు తొక్కెయ్యకుండా."

"ఆ రెండోది బాగుంది. మొదటిది మనకొద్దు."

"రెండూ ఉంటేనే సిస్టమ్ నాన్నా! నచ్చింది ఏరుకోడానికి వంకాయలా?"

ఆదివారం జూమ్ మీటింగ్‌లో సంఘం అధ్యక్షుడు, ఫ్లాట్ బుష్ శశిధర్, ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "ఎక్కువమంది మాట చెల్లడమే కదన్నా ప్రజాస్వామ్యం!"

"అయితే తక్కువమంది పని చప్పట్లు కొట్టడమేనా తమ్ముడూ? ఊరికో ఓటు పెట్టు. అమెరికా సెనేట్ అలాగే నడుస్తోంది."

శశిధర్ నవ్వి సరేనన్నాడు. టౌరంగా తరఫున మాట్లాడే నర్సు గ్రేసమ్మ కూతురు ఆక్లాండ్‌లోనే ఉంది. ఆ ఓటు తనదేనని అతని ధీమా. వారం ముందే ఆమెకు గోంగూర పచ్చడి పంపిన ధీమా దామోదర్‌ది.

శశిధర్ ఫ్లాట్ బుష్ అన్నాడు. దామోదర్ హామిల్టన్ అన్నాడు.

"మా ఓటు టౌరంగాకే," అంది గ్రేసమ్మ.

"నాలుగిళ్ళవాళ్ళు ఇంతమందికి విందు చేస్తారా గ్రేసమ్మగారూ?" అన్నాడు దామోదర్.

"చిన్నవాళ్ళని తొక్కకూడదనేగా మీ సెనేటు? మీకన్నా చిన్నవాళ్ళం మేమండీ. పచ్చడి మాత్రం బాగుంది."

నాన్న పక్కన సోఫాలో కూర్చుని వింటున్న సిరి దిండులో మొహం దాచుకుని నవ్వింది.

"తేలకపోతే మళ్ళీ తలల లెక్కే," అన్నాడు శశిధర్.

మొండికేస్తే ఫ్లాట్ బుష్ ఖాయం. దామోదర్ క్షణంలో బేరం మార్చాడు. "మా ఓటు టౌరంగాకే. వంట మా కొట్టుది. వచ్చే ఏడు మీ ఓటు మాకు, గ్రేసమ్మగారూ."

"వంట మీదే. ఓటు సంగతి పులిహోర తిన్నాక."

"నా కళ్ళముందే కూటమి కట్టేశారే!" అని వాపోయాడు శశిధర్. "నాకు పచ్చడెందుకు పంపలేదన్నా?"

"నీకు నలభై ఇళ్ళున్నాయిగా, పచ్చడెందుకు?"

విందు రోజు టౌరంగాలో సముద్రం పక్కన పులిహోర గిన్నె ఖాళీ అయిపోయింది. గ్రేసమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, "వచ్చే ఏడు హామిల్టనేనండీ," అంది.

తిరిగొస్తూ కారులో దామోదర్ లెక్క చూసుకున్నాడు. పోయినవి ఒక ఏడాది విందు, ఒక పచ్చడి సీసా. వచ్చినవి మూడు ఊళ్ళలో కొట్టుకి పేరు, గ్రేసమ్మ ఓటు, గోంగూర పచ్చడి కావాలంటూ శశిధర్ మెసేజీ.