ఒకటో మేకు బిళ్ళ

ముందే ఒక మాట. నాకు అక్షరాలు అరవై దాటాక పట్టుబడ్డాయి. ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను, ఒక పేజీ నిండడానికి వారం పడుతుంది. తప్పులుంటే మన్నించి చదవండి. ఇది మా ఆయన అప్పలసూరి సంగతి. నేను చూడనిదంతా పక్కింటి పిల్ల దేవిశ్రీ, ఆయన పనిచేసిన సెంటరు మేష్టారు చెప్పారు.

*

అప్పలసూరి తడిగుడ్డతో బిళ్ళలు తుడుస్తున్నాడు. మేం బతకడానికొచ్చిన ఆ హిందీ ఊళ్ళో, గోల్‌మురి బజారులో మేడమీద ఉన్న ఒక చదువుల సెంటరులో తొమ్మిదింటికల్లా ఆయన పని అదే. గోడకి పెద్ద చెక్క, దానికి వరసగా మేకులు. ఎడమవైపు ‘బయట’, కుడివైపు ‘లోపల’. వచ్చిన పిల్లలు తమ నంబరు బిళ్ళని ఎడమనుంచి కుడికి మార్చుకోవాలి, పోయేటప్పుడు మళ్ళీ ఎడమకి. బిళ్ళలు ఆయనే రేకు ముక్కలతో కత్తిరించి నంబర్లు వేశాడు. ఒకటో మేకుది మాత్రం ఇత్తడిది. ఆయన సొంత బిళ్ళ. కార్ఖానా గేటులో రిటైరైన రోజున ఆఫీసరు దాన్ని తిరిగి తీసుకోకుండా ఆయన చేతిలోనే పెట్టేశాడు.

ఆయన పొట్టి మనిషి. ముప్పై ఒక్క ఏళ్ళు గేటు కిటికీ దగ్గర కూలీల హాజరు బిళ్ళలు అందుకుంటూ వంగి కూర్చుని కుడి భుజం జారిపోయింది. ఎదుటివాడి మొహం చూడడు, చేతులు చూస్తాడు. ఒకే గుప్పిట్లో రెండు బిళ్ళలు దాచి, రాని స్నేహితుడి హాజరు కూడా వేయించాలని చూసేవాళ్ళని అలాగే పట్టేవాడు. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు. ఆయనకి తెలిసిన ధర్మమంతా అదే.

ఈ సెంటరు మాత్రం ఆయనకి అంతు చిక్కలేదు. కొందరు రోజూ వచ్చి బెంచీల మీద కూర్చుంటారు. వాళ్ళతో పేచీ లేదు. కొందరు మంగళ, శుక్రవారాలే వస్తారు, మిగతా రోజులు కంప్యూటరులో వింటారట. వాళ్ళని ఆయన ‘సగంగాళ్ళు’ అనేవాడు. ఇంకో పదకొండు మంది అసలు రారు. చేరిన రోజు కూడా కాగితాలు పోస్టులోనే వచ్చాయి. వాళ్ళకీ బిళ్ళలు కత్తిరించి ఆఖరి వరసలో తగిలించాడు. ఆర్నెల్లుగా ఒక్కటీ కదల్లేదు. వాటిమీది దుమ్మే ఆయన రోజూ తుడిచేది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పక్కింటి భద్రమ్మ, సంచీతో.

“అన్నయ్యా, పరీచ్చ చీటీలు ఎప్పుడిత్తారు? మా మనవరాలు దేవి రాత్రీ పగలూ సదువుతన్నాది.”

ఆయన ఆఖరి వరసలో ముప్పై నాలుగో నంబరు కేసి చూశాడు. అది దేవిశ్రీది. “ఎక్కడ సదువుతన్నాది?”

“రెండుదాకా ఆదిత్యపూర్‌లో నౌకరీ గదా, ఆనక నెట్ షాపులో. ఈ పరీచ్చ తప్పితే సదువు సాలు, కుట్టుమిషను దగ్గర కూకోబెట్టీమని దాని మావ ఒకటే గోల. నువ్వే కాత్త సూసుకో.”

“సూత్తాను. బాగా సూత్తాను,” అన్నాడు అప్పలసూరి. భద్రమ్మ సంతోషంగా దిగిపోయింది.

ఆ సాయంత్రం ఐదులోగా హాజరు జాబితా యూనివర్సిటీకి వెళ్ళాలి. నూటికి డెబ్బై అయిదు రోజులు లేనివాళ్ళకి చీటీ రాదు. సెంటరు నడిపే నారాయణమూర్తి మేష్టారు, గేటు మనిషి లెక్కకి తిరుగుండదని ఆ పని ఆయనకే అప్పగించాడు. మధ్యాహ్నానికి జాబితా పూర్తయింది. సగంగాళ్ళకి సగం. ఆఖరి పదకొండు మందికీ సున్నాలు. ముప్పై నాలుగు దగ్గర మాత్రం పెన్ను కాసేపు ఆగింది. ఆగినా, సున్నాయే పడింది.

మూడింటికి టీ తీసుకుని మూడో గదికి వెళ్ళాడు. బెంచీలన్నీ ఖాళీ. మేష్టారు స్టాండు మీది కెమెరాకేసి చూస్తూ, ఎదురుగా ఊరంతా కూర్చున్నట్టు పాఠం చెబుతున్నాడు. ఇది రోజూ చూసేదే, ఎండదెబ్బేమో అనుకునేవాడు. కానీ ఆ రోజు మేష్టారు ఖాళీ బెంచీకేసి నవ్వి, “దేవిశ్రీ, నీ జవాబే సరైనది,” అన్నాడు.

అప్పలసూరి గ్లాసు టేబులు మీద పెట్టి, స్టీలు మూత బోర్లించి బయటికి వచ్చాడు. రాని పిల్లకి ఆఫీసరే హాజరు పలుకుతున్నాడు! గేటు దగ్గర కూలీలు చేసిన దొంగతనం ఇక్కడ సాక్షాత్తూ మేష్టారే చేస్తున్నాడు. సైకిలు తీసి బజారు ఆ చివరికి తొక్కాడు. నెట్ షాపు వాకిట్లో చెప్పులు విప్పి, అడుగు చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళాడు.

ప్లైవుడ్డు అరలో దేవిశ్రీ చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని నోట్సు రాస్తోంది. ఎదురుగా తెర మీద అగ్గిపెట్టంత బొమ్మలో మేష్టారు. ఏదో పాత సినిమా తీసి తిప్పుతున్నారనుకుంటూ అప్పలసూరి ముందుకి వంగాడు. మేష్టారి పక్కన టేబులు మీద గాజు గ్లాసు, దాని మీద అంచు సొట్టపోయిన స్టీలు మూత. తను ఇప్పుడే బోర్లించి వచ్చిన మూత.

తెరలో మేష్టారు మూత తీశాడు. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. దేవిశ్రీ పకాలున నవ్వింది.

“ఏటే, ఏటన్నాడు?”

ఆ పిల్ల ఉలిక్కిపడి హెడ్‌ఫోను తీసింది. “అరే తాతా! నువ్వా? సర్ బోలే, సూరిగారు ఇవాళ చక్కెర మర్చిపోయారు అని.”

“ఓలమ్మ! మరిసిపోనాను!” అన్నాడు అప్పలసూరి గట్టిగా. షాపులో అందరూ తలలు తిప్పారు. ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. “రోజూ ఇలాగే పేర్లు పిలుత్తాడా?” అన్నాడు.

“రోజ్, తాతా. పలక్కపోతే ఆబ్సెంటే. నేనొక్కరోజూ మిస్ అవలేదు, కసమ్ సే, ఒట్టు.”

ఆయన ఆ పిల్ల చేతులకేసి చూశాడు. వేళ్ళ నిండా సిరా. “నాను సున్నా ఎట్టీనాను గుంటా,” అని లేచాడు.

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. మేష్టారు జాబితా మీద సంతకం చేయబోతున్నాడు. అప్పలసూరి ఆ కాగితం లాక్కుని నిలువునా చింపేశాడు.

“అదేంటి సూరిగారూ!”

“తప్పు, బాబూ. ఆ మిషన్లో పలికినోళ్ళ పేర్లు ఉన్నాయా?”

“ఉంటాయి. కంప్యూటరే దాచుకుంటుంది. మీరు అవి కూడా కలిపే రాస్తున్నారనుకున్నాను.”

“గేటు ఎక్కడుందో నాకు తెల్దు బాబూ. ఇప్పుడు తెలిసింది.”

మేష్టారు చదువుతుంటే ఆయన రాశాడు. కొత్త జాబితా ఐదుకి పది నిమిషాలుండగా ఫ్యాక్సులో వెళ్ళింది. అప్పుడాయన చెక్క దగ్గరికి వచ్చి, ఆ రోజు పలికిన పదకొండు మంది బిళ్ళలూ ఒక్కొక్కటే ‘బయట’ నుంచి ‘లోపల’కి మార్చాడు. ఒకరి బిళ్ళ తన చేత్తో కదపడం బతుకులో అదే మొదలు. ముప్పై నాలుగుని పంచెతో తుడిచి మరీ తగిలించాడు.

“రేపటినుంచి మూడో గదిలో ఓ స్టూలు ఏయించండి. మీరు పేరు పిలవండి, నాను బిళ్ళ మారుత్తాను.”

“చక్కెర కూడా వెయ్యండి మరి,” అన్నాడు మేష్టారు.

క్లాసులు అయిపోయి, పిల్లలు బిళ్ళలు మార్చుకుని దిగిపోయారు. ఆయన ఆ పదకొండూ ఎడమకి చేర్చి, మేష్టారు తాళాలు తెచ్చేదాకా బెంచీ మీద గోడకి ఆనుకున్నాడు. ఆరు గంటల సైరను మోగింది. ఎప్పుడూ ఆ సైరనుకి లేచి తన ఇత్తడి బిళ్ళ ‘బయట’కి మార్చుకునే మనిషి లేవలేదు. కునుకు పట్టిందనుకుని మేష్టారు భుజం తట్టాడు; ఆయన పక్కకి ఒరిగిపోయాడు.

ఇంట్లో ఆయన భార్య నూకమ్మ వడ్డించిన కంచం మీద మూత పెట్టి ఎదురుచూస్తోంది.

దేవిశ్రీకి చీటీ వచ్చింది. పరీక్ష పాసైంది. తరవాత ఆదివారాలు వచ్చి నూకమ్మ చేత అఆలు దిద్దించింది. సెంటరుకి కొత్త మనిషి వచ్చాడు, బిళ్ళల చెక్క అలాగే ఉంది. ఒకరి బిళ్ళ ఇంకొకరు ముట్టకూడదు కనక ఎవరూ ముట్టుకోలేదు. ‘లోపల’ వైపు, ఒకటో మేకుకి, ఇత్తడి బిళ్ళ.

— నూకమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు సోనారిలో ఉంటున్నాను.