మాట్లాడని దారి

తిమ్మక్క మొగుడితో మాట మానేసింది. కారణం ఒక గొర్రెపిల్ల.

క్యాతగానచెర్లు ఊరి వెనక గుట్టకు అటువైపు ఆమె, ఇటువైపు మారన్న, మందను రెండుగా చీల్చుకుని మేపుతారు. సోలారు పలకలు పరుచుకున్నాక మిగిలిన మేత అట్లా తునకలుగానే ఉంది. మొన్న తెల్లారుతుండగా ఆమె వైపు తోడేలు దిగింది. ఆమె వాకీటాకీలో పిలిచింది. మారన్న రాలేదు. తోడేలు గొర్రెపిల్లను కరుచుకుని పోయింది. గరగరమనే చప్పుడు తప్ప తనకేమీ వినపడలేదని ఆయన మొత్తుకున్నాడు. నిద్రపోయి ఉంటావని ఆమె అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. సంగటి ముద్ద పళ్లెంలో వేస్తుంది, మొహం మాత్రం పొయ్యి వైపు తిప్పుకుంటుంది.

గుట్ట చాటున సెల్లుకు సిగ్నలు ఉండదు. పలకలు చూసుకునే కంపెనీ ఒకటి అందుకే కాపర్లకు ఆ వాకీటాకీలు ఇచ్చింది. వాటికి మారన్న ఒక కట్టుబాటు పెట్టాడు. తోడేలు వస్తే తప్ప ఎవరూ నోరు తెరవకూడదు. ఊసుపోని కబుర్లకు వాడితే నిజంగా ఆపద వచ్చిన రోజు వినేవాడు చెవిన పెట్టడు. కాపర్లందరూ సరేనన్నారు. నెలల తరబడి వాటిలో ఒక్క పలుకు లేదు. ఆ సంగతి ఆయన నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాడు.

ఇప్పుడు ఆ వాకీటాకీనే పట్టుకుని కంపెనీ ఆఫీసుకు పోయాడు. అక్కడ వైర్‌లెస్ పనులు చూసేది వినుత, పావగడ పిల్ల. బాగుచేయమని కాదు ఆయన అడిగింది. ఇది చెడిపోయిందని తన పెండ్లానికి ఒక్క మాట చెప్పమని. వినుత దాన్ని పరీక్షించి, ఏ లోపమూ లేదని తేల్చింది.

తర్వాత ఆమె కంప్యూటరు చూసి అసలు సంగతి చెప్పింది. గాలిలో వైర్‌లెస్ దారులు, అంటే ఛానళ్లు, కొన్నే ఉన్నాయి. పలకలు కడిగే మిషన్లు, వాచ్‌మన్లు, కాపర్లు, అందరూ వాటినే పంచుకోవాలి. మొన్నటిదాకా ఎవరికి ఏ దారో ఒక మనిషి కూర్చుని చెప్పేవాడు. ఇప్పుడు ఆ పనికీ మిషను వచ్చింది. అది పగలూ రాత్రీ వింటూ ఉంటుంది. ఏ దారిలో చప్పుడు లేదో కనిపెట్టి, అడిగినవాళ్లకు ఇచ్చేస్తుంది. కాపర్ల దారిని కడిగే మిషన్లకు ఇచ్చేసింది. అవి పనిలోకి దిగేది తెల్లారకముందే.

"మీరు మాట్లాడరు కదా తాతా. అది ఖాళీ అనుకున్యాది."

"మాట్లాడకుంటే మనిషే లేనట్లా పాపా? బస్సులో తువ్వాలేస్తే, కూర్చోకున్యా సీటు మనదే కదా."

"తువ్వాలన్నా వేసినారా మీరు?"

మారన్న తల గోక్కున్నాడు. వినుత కడిగే మిషన్లను వేరే దారికి మళ్లించింది. కాపర్ల దారిని శాశ్వతంగా రిజర్వు చేయాలంటే బెంగుళూరు వాళ్లు ఒప్పుకోవాలని, తాను అడుగుతానని, అందాకా అప్పుడప్పుడు మాట్లాడుతుంటే దారి నిలుస్తుందని చెప్పి పంపింది.

మాట్లాడాలంటే ఎవరితో? మాట్లాడాల్సిన మనిషి పలకడమే లేదు. మారన్న మంద దగ్గరికి చేరి, బీడీకట్టకున్న రబ్బరుబ్యాండు తీసి, మాట్లాడే మీటను నొక్కి బిగించి, వాకీటాకీని రేగుచెట్టుకు తగిలించాడు. గొర్రెలు అరుస్తుంటాయి, దారి నిలుస్తుంది. తన తెలివికి తానే మురిసిపోయి నీడకు చేరాడు.

పొద్దు వాలకముందే వినుత స్కూటీ మీద వచ్చింది, నవ్వు ఆపుకుంటూ. ఆ దారినిండా గొర్రెల అరుపులేనట. మీట ఇరుక్కుపోయిన సెట్టని మిషను చివరికి దాన్ని ఆపేసిందట.

"తువ్వాలేయమంటే బస్సంతా పరుపేసుకొని పండుకున్యావే తాతా."

మారన్న కూడా నవ్వబోయాడు. అంతలో ఏదో తట్టి అడిగాడు: "ఆమె పిలిచింటే?"

"వినపడదు. అడ్డం ఉన్యింది నువ్వే కదప్పా."

ఆయన నవ్వు అక్కడే ఆగిపోయింది. రబ్బరుబ్యాండు ఊడబెరికాడు. వినుత సెట్టును మళ్లీ పని చేయించి పోయింది.

మారన్న దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లయిన నాటి నుంచి పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచింది లేదు. ఇంట్లో దగ్గితే చాలు, పలికేది. గుట్ట అవతలికి దగ్గు ఎట్లా పంపాలో తెలియలేదు. మీట నొక్కాడు.

"ఇదో... ఈడ మబ్బు పట్టినాది."

గరగర. ఇంకేమీ లేదు. మళ్లీ నొక్కి, మీట కట్టేసిన సంగతి దాచకుండా చెప్పాడు. ఈసారి అవతల గొంతు వినిపించింది.

"ఇందాక పిలిచినా. గొర్రెలు పలికినాయి."

"తోడేలా?"

"కాదు. పొద్దున సంగటి మూట తీసుకోకుండానే పోయినావు. నా కాడ ఉండాది."

ఆమే మళ్లీ అడిగింది.

"ఆ పొద్దు గూడా ఇట్లే వినపళ్లేదా నీకు?"

"వినపళ్లేదు."

"సరే. వంక నీళ్ల కాడికి తోలుకొని రా, తిందువు."

మారన్న మందను అదిలించాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో ఆమె గొంతు మళ్లీ వచ్చింది. కుంటి గొర్రెను తరమొద్దంది. నల్లదాన్ని కంచె వైపు పోనివ్వొద్దంది. మబ్బు సంగతి తనకు పొద్దున్నే తెలుసంది. బదులు చెబుదామని ఆయన మీట మీద వేలు పెట్టుకుని నడిచాడు, వంక దాకా సందు దొరకలేదు.