అచ్చు మీద చెయ్యి

కొండవేముల సంస్థానపు టంకశాలకు గోడలున్నాయో లేవో తెలియడం లేదు, గోడ అనుకున్నది చూస్తుండగానే పొగైపోతోంది, ఆ పొగలోంచి సమ్మెట దెబ్బలు వినిపిస్తుంటే మోనప్ప అటే నడుస్తున్నాడు. చూసుకుంటే సమ్మెట తన చేతిలోనే ఉంది. మరి కొడుతున్నదెవరు?

బిళ్లను పెట్టి కొట్టే ఇనుప దిమ్మె, దాయి ముందు కాళప్ప కూచుని ఉన్నాడు. మోనప్ప బామ్మర్ది, వెండి బిళ్ల మీద రాజముద్ర అచ్చును నిలబెట్టి పట్టుకునేవాడు, పోయిన నెల వడదెబ్బకు పని మధ్యలోనే ఒరిగిపోయి, ఇల్లు చేరేలోపే ప్రాణం విడిచినవాడు. కుడిచెయ్యి అచ్చు మీద బిగించే ఉంది. ముఖం మాత్రం ముద్ర పడని బిళ్లలా నున్నగా ఉంది.

"ఇంకెంతసేపు పట్టుకోవాలె బావా?"

ఆఖరి దెబ్బ వేశాక కొట్టేవాడు సమ్మెట దించి "చెయ్యి తియ్యి" అనాలి, ఆ మాట వినందే పట్టేవాడు వేలు కదపకూడదు, అది టంకశాల కట్టడి. ఆనాటి గోలలో ఆ మాట ఎవరికీ తోచలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు గానీ, కాళప్ప మొండితనం ముందు యముడు కూడా దిగదుడుపే!

"రేపు మా తమ్ముడు ఈరన్న కూసుంటడంట గద ఈడ. ఒక్క అచ్చు మీద రెండు చేతులెట్ల పడ్తయి? వాని చెయ్యి నలుగుతది బావా."

"నువ్వే లేచి పోరాదురా?"

"నువ్వు అనంది ఎన్నడన్న తీసిన్నా?"

నిజమే, ఒక్కనాడూ తీయలేదు. ఇప్పుడు ఆ మాట అంటే వీడు వెళ్లిపోతాడు. వీడు లేని టంకశాలలో ఎవరితో నవ్వాలి, ఎవరిని తిట్టాలి? ఇంతలో సమ్మెట తనంతట తానే పైకి లేస్తోంది, కింద అచ్చు మీద ఇప్పుడు రెండు చేతులున్నాయి, ఒకటి ఈరన్నది.

"చెయ్యి తియ్యి కాళప్పా! తియ్యి నాయనా!"

"గా మాట ముందే అంటే అయిపోవు గద," అంటూ కాళప్ప ఒక్కో వేలే విప్పుతున్నాడు, విప్పిన వేలల్లా పొగలో కలిసిపోతోంది.

తన కేకకు తానే ఉలిక్కిపడి మోనప్ప లేచాడు. తెల్లవారింది. నెల్లాళ్లుగా మూసి ఉన్న టంకశాల తాళం తీశాడు. ఈరన్న దండం పెట్టుకుని దాయి ముందు కూచుని, అచ్చు మీద చెయ్యి వేసి, చటుక్కున తలెత్తాడు.

"బావా, కొలిమింక అంటియ్యనే లేదు గద. ఇనుము గింత ఎచ్చగున్నదేంది?"

మోనప్ప సమ్మెట కింద పెట్టి, అచ్చు మీద తన చెయ్యి ఆనించాడు. అది చల్లారేదాకా తీయలేదు.