అవతలి జట్టు గోల్‌కీపరు

ముందుగా చదివేవారికి ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై తొమ్మిదో ఏట. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి నాకు రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఈలోగా చెప్పాలనుకున్నది కొంత జారిపోతుంది. మా వీధిలో ఆడవాళ్లను కూర్చోబెట్టి చదువు చెప్పే పుష్పలత ఇది చూసి దిద్దింది. ఆమె కంటికి దొరకని తప్పులుంటే విసుక్కోకుండా చదవండి.

మాది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఒక్క కొడుకు, నాగశివ. వేటకు వెళ్లేవాడు. వేట లేని రోజు, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక మీద ఫుట్‌బాల్ ఆడేవాడు. బడిలో డ్రిల్లు మాస్టారు నేర్పిన ఆట అది. బడి మానేసినా ఎవరూ ఆట మానలేదు. పల్లెలో కుర్రాళ్లు టీము కట్టారు. చిరిగిన వల ఒకటి రెండు వాసాలకు కట్టి అదే గోలు అన్నారు. మావాడు దాని ముందు నిలబడేవాడు. వల లాగి లాగి వాడి అరచేతులు చేటల్లా ఉండేవి, అందుకని అక్కడ పెట్టారు.

ఆ టీము ఏనాడూ గెలవలేదు. బాపట్లలో పోటీలకు వెళ్లినా, తెనాలి వెళ్లినా మొదటి ఆటకే ఇంటికి వచ్చేసేవారు. "ఎంతకు ఓడార్రా?" అని అడిగితే, "ఈసారి కొంచానికే అమ్మా" అనేవాడు మావాడు, అన్నం కలుపుకుంటూ.

అలాంటి పిల్లల దగ్గరికి సినిమా వాళ్లు వచ్చారు. ఒక పల్లెలో కాళ్లకు చెప్పుల్లేని పేద పిల్లలు టీము కట్టి, పట్నంలో గొప్ప టీము మీద గెలుస్తారట. అదీ కథ. మన కథే కదా అని పల్లెంతా సంబరపడింది. తీరా చూస్తే, పేద పిల్లలుగా వేసేది హైదరాబాదు కుర్రాళ్లు. వాళ్లకు ఆట రాదు. ఎదురు నిలబడే గొప్ప టీముకు నిజంగా ఆట వచ్చినవాళ్లు కావాలి. అందుకు మావాళ్లను తీసుకున్నారు. పచ్చగా, పాలు తాగి పెరిగిన ఆ కుర్రాళ్లకు ఒంటికి నల్లరంగు పూసి, బూట్లు విప్పించి, పేదవాళ్లన్నారు. మావాళ్లకు మొహాన తెల్లరంగు కొట్టి, బూట్లు తొడిగి, గొప్పింటి బిడ్డలన్నారు.

బాపట్లలో ఒక గ్రౌండులో షూటింగు. నేనూ వెళ్లాను. మావాడు ఆకుపచ్చ చొక్కా, మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇయ్యాలంతా నేను కోటీశ్వరుణ్ని. నన్ను 'అండీ' అని పిలవాల."

"కోటీశ్వరుడు గారూ, మెడకాడ రంగు అంటలేదండి" అన్నాను.

ఆ రోజు తీసింది చివరి ఆట. చివరి తన్ను హీరోది. అది గోల్లో పడితే పేద పిల్లలు గెలిచినట్టు. హీరో తన్నాడు. మావాడు పట్టుకున్నాడు. మళ్లీ తన్నాడు. మళ్లీ పట్టుకున్నాడు. డైరెక్టరు దగ్గర పనిచేసే అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"బ్రదర్, నువ్వు ఓడిపోవాలి. బాలు వదిలెయ్యాలి."

"వదిలేద్దామనే చూస్తన్నానండి. వచ్చి చేతుల్లో పడతంటే ఏం చెయ్యనండి?"

"కళ్లు మూసుకో."

కళ్లు మూసుకున్నాడు. బాలు వచ్చి పొట్టకు తగిలి అక్కడే ఆగింది. మా పిల్లలు పడీపడీ నవ్వారు. "ఈ ఆటేదో తెనాల్లో ఆడుంటే కప్పు మనకొచ్చేదిగదరా ఎదవా!" అని అరిచాడు గోపీకృష్ణ. వాడు ఆ టీముకు కెప్టెను, మావాడి స్నేహితుడు.

చివరికి సినిమా వాళ్లు విసిగిపోయి, మావాణ్ని పక్కకు తప్పించి ఖాళీ గోల్లోకి హీరో చేత తన్నించారు. తరువాత బాలు లేకుండా మావాణ్ని ఒక్కణ్నే నిలబెట్టి, ఎడమ పక్కకు దూకమన్నారు. దూకి పడ్డాడు. సినిమాలో ఆ రెండు ముక్కలూ అతికిస్తారట. అంతకుముందే ఇంకో ముక్క కూడా తీశారు. హీరోను చూసి ఎగతాళిగా నవ్వమంటే మావాడికి ఎంతకీ రాలేదు. ఇంతలో గోపీకృష్ణ బూట్లతో నడవలేక బోర్లా పడ్డాడు. మావాడు పగలబడి నవ్వాడు. అదే చాలన్నారు.

అప్పటికి వాడికి కూతురు పుట్టి ఇరవై రోజులు. కోడలు జ్యోతిలక్ష్మి పురిటికి రేపల్లెలో పుట్టింట్లో ఉంది. అందుకని ఈ షూటింగు తను చూడలేదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో వాయుగుండం పట్టింది. మావాడి బోటులో నలుగురు. ముగ్గురు డీజిలు డబ్బాలు పట్టుకుని తేలి నిజాంపట్నం వైపు ఒడ్డెక్కారు. వాడు రాలేదు. మనిషీ దొరకలేదు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

జ్యోతిలక్ష్మి బిడ్డతో పుట్టింటికి వెళ్లిపోయింది. నాకు ఆ ఒడ్డున నిద్ర పట్టేది కాదు. తెనాలిలో మా చెల్లెలి దగ్గరికి వచ్చి ఎండుచేపలు అమ్ముకుంటున్నాను. సినిమా కూడా మధ్యలో ఆగిపోయిందన్నారు. నేనూ మరిచిపోయాను.

నాలుగేళ్లకు గోపీకృష్ణ ఫోను చేశాడు. "పెద్దమ్మా, మన సినిమా వచ్చింది. తెనాల్లోనే ఆడతంది. శివగాడు ఇంత మొహం ఏసుకుని కనపడతన్నాడంట" అన్నాడు.

మా ఇంట్లో వాడి పెళ్లి ఫోటో ఉంది. అందులో కొయ్యలా నిలబడి ఉంటాడు. వాడి ఫోను వాడితోనే పోయింది. వాడు నడిచినట్టు, నవ్వినట్టు చూపించేది ఏదీ మాకు మిగలలేదు. అందుకని గంప మా చెల్లెలికి అప్పగించి ఆ రోజే మధ్యాహ్నం ఆటకు వెళ్లాను.

చాలా మంచి కథ. ఆ పేద పిల్లల్లో ఒకడికి తల్లి మంచంలో ఉంటుంది. ఒకడు ఇటుకలు మోస్తాడు. ఎవరూ వాళ్లను మనుషుల్లో లెక్కపెట్టరు. ఏడుపొచ్చింది నాకు. చివరి ఆట వచ్చేసరికి వాళ్లు గెలవకపోతే ఎలాగా అనిపించింది. అప్పుడు కనిపించాడు మావాడు, తెర నిండా. బాలు వెళ్లి వలలో పడగానే హాలంతా లేచి ఈలలు, చప్పట్లు. పక్కన కూర్చున్న ముసలాయన నా భుజం తట్టి, "గెలిచారమ్మా! గెలిచారు!" అన్నాడు. నా చేతులు కూడా ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి, అక్కడ ఆగిపోయాయి.

ఆ వారంలోనే కోడలి పెళ్లి మాట తెలిసింది. కర్లపాలెం సంబంధం. ఆయనకు భార్య పోయింది, పిల్లలు లేరు. మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు. ఇరవై ఆరేళ్ల పిల్ల ఎన్నాళ్లు అలా ఉంటుంది? నేనే ముందు సరేనన్నాను. పెళ్లయితే నా మనవరాలు వీణ ఆయన్ని నాన్నా అంటుంది. అనాలి కూడా. కానీ అంతకుముందు, ఒక్కసారి, తనను కన్నవాడు ఎలా కదిలేవాడో ఆ పిల్ల చూడాలని నాకు పట్టుకుంది. పెళ్లి తరువాత అలాంటిది అడగకూడదు. సినిమా కూడా అన్నాళ్లు ఉండదు.

తెనాలిలో శుక్రవారానికి తీసేశారు. బాపట్లలో వేశారు. ఫోను చేస్తే జ్యోతిలక్ష్మి "తీసుకొస్తా అత్తయ్యా" అంది. బాపట్ల వెళ్లి హాలు బయట పొద్దున్నుంచీ నిలబడ్డాను. సాయంత్రం దాకా రాలేదు. వాళ్ల నాన్న వద్దన్నాడట. అక్కణ్నించి సినిమా రేపల్లె వెళ్లింది. గురువారం ఆఖరు. ఆదివారం పెళ్లి.

గురువారం రైలెక్కి రేపల్లె వెళ్లాను. మా వియ్యంకుడు బ్రహ్మాజీ వసారాలో వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు, మంచినీళ్లు ఇప్పించాడు. నేను ఎందుకొచ్చానో ఆయనకు తెలుసు.

"వదినా, నీ బాధ నాకు తెలవందేం కాదు. పిల్ల ఇప్పుడిప్పుడే అడగడం మానేసింది. చచ్చినోణ్ని చూపిచ్చి దాన్ని ఏడిపిస్తావా?"

"ఏడవదన్నయ్యా. ఏడవడానికి దానికేం గుర్తుంది?"

ఆయన వల మీదికి తల వంచేశాడు. ఇంతలో జ్యోతిలక్ష్మి లోపలి నుంచి వచ్చింది. పిల్లకు గౌను తొడిగి, తల దువ్వి, చెప్పులు కూడా వేసింది.

"పద అత్తయ్యా, ఆట మొదలవుద్ది" అంది, వాళ్ల నాన్న వైపు చూడకుండా.

"ఎండగా ఉంది. ఆటోలో ఎళ్లండి" అన్నాడు బ్రహ్మాజీ.

హాల్లో జనం తక్కువ. వీణను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. పిల్ల కళ్లార్పకుండా చూసింది. "వాళ్లకి చెప్పుల్లేవా నానమ్మా?" "ఆ అబ్బాయికి అన్నం పెట్టరా?" అని అడుగుతూనే ఉంది. సగమయ్యేసరికి ఆ పిల్లలందరి పేర్లూ దానికి నోటికి వచ్చేశాయి. జ్యోతిలక్ష్మి పక్క కుర్చీలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తను చూడటం ఇదే మొదటిసారి.

చివరి ఆట వచ్చింది. నేను పిల్ల గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పి పట్టుకున్నాను. ఆకుపచ్చ చొక్కాతో, తెల్లరంగు కొట్టిన మొహంతో, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చాడు నా కొడుకు.

"అదుగో అమ్మలూ. మీ నాన్న."

పిల్ల నన్ను చూసింది. తెరను చూసింది.

"ఆ నవ్వేవాడా? వాడు చెడ్డోడు నానమ్మా" అంది.

వెనక వాయించే సంగీతం అలాంటిది మరి. కాళ్లు కొట్టుకుపోయిన పిల్లవాణ్ని చూసి నవ్వినట్టే అతికించారు. నేను నోరు తెరిచేలోగా హీరో తన్నాడు. మావాడు ఒక పక్కకు దూకాడు, బాలు ఇంకో పక్క వలలో పడింది. ఉన్న కాస్త జనమూ లేచి ఈలలు వేశారు. నా మనవరాలు నా తొడల మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "మనం గెలిచాం! నానమ్మా, మనం గెలిచాం!"

జ్యోతిలక్ష్మి పిల్ల చేతులు పట్టుకోబోయింది. నేనే వద్దన్నాను. దాని తప్పేముంది?

తిరిగి రైలు ఎక్కించడానికి ఇద్దరూ స్టేషను దాకా వచ్చారు. బెంచీ మీద కూర్చున్నాం. జ్యోతిలక్ష్మి అడిగింది.

"నిజంగానే వదిలేశాడా అత్తయ్యా? ఆ బాలు?"

అప్పుడు జరిగిందంతా చెప్పాను. హీరో ఎన్నిసార్లు తన్నినా పట్టుకోవడం, కళ్లు మూసుకున్నా పొట్టకు తగలడం, ఖాళీ గోల్లోకి తన్నించడం. నవ్వు ఎందుకు నవ్వాడో కూడా చెప్పాను. జ్యోతిలక్ష్మి ముందు నవ్వింది. "అంతేలే, ఏదీ వదిలేవాడు కాదు. పాత చెప్పులు పారేద్దామన్నా వద్దనేవాడు" అంది. నవ్వుతూనే మొహం కొంగులో దాచుకుంది. భుజాలు కదులుతుంటే నేను వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. ఆదివారం నుంచి తను నాకేమవుతుందో నాకు తెలియదు. ఆ చెయ్యి మాత్రం తీయలేదు.

వీణ మా ఇద్దరినీ చూస్తూ కాళ్లు ఊపుతోంది. మా మాటలు దానికి ఎంత అర్థమయ్యాయో తెలియదు.

"నానమ్మా, కింద పడ్డాడుగా... నాన్న" అంది.

"ఆఁ, పడ్డాడు."

"అందరూ ఆ అబ్బాయి దగ్గరికి పరిగెత్తారుగా. మరి నాన్ననెవరు లేపారు?"

నేను రెండుసార్లు చూశాను ఆ సినిమాను. అందులో వాణ్ని ఎవరూ లేపరు. పడ్డాక మళ్లీ చూపించరు కూడా.

"నేనెళ్లానమ్మా" అన్నాను. నిజంగానే వెళ్లాను. అందరూ సామాను సర్దుకుంటున్నారు. వాడు మట్టిలో అలాగే పడుకుని ఆయాసపడుతున్నాడు. వెళ్లి చెయ్యి ఇచ్చాను. "చెయ్యిస్తే, 'ఉండమ్మా, నీ నడుం పట్టుద్ది' అన్నాడు. తనే లేచాడు. మట్టి దులుపుకున్నాడు. అన్నం తెచ్చావా అని అడిగాడు" అని చెప్పాను పిల్లకు.

"దెబ్బ తగల్లేదా?"

"మోచెయ్యి కాడ దోక్కుపోయింది. అంతే."

పిల్ల తన మోచెయ్యి తిప్పి చూసుకుంది. వేలితో అక్కడ రాసుకుంది. రైలొచ్చింది.

ఆదివారం పెళ్లికి నేనూ వెళ్లాను. కర్లపాలెం ఆయన మంచివాడు. వీణను ఎత్తుకుని నా దగ్గరికి తెచ్చి, "నానమ్మ దగ్గరికి ఎప్పుడెళ్లాలన్నా చెప్పు, నేను తీసుకెళ్తా" అన్నాడు దానితో, నాకు వినబడేలా. పిల్ల "సరే నాన్నా" అంది.

విన్నాను. భోజనం చేసి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చాను.

దానమ్మ
వయసు అరవై ఒకటి
ప్రస్తుతం ఉండేది తెనాలి, చెంచుపేట