పుర్రచేతి బుట్ట

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆవిణ్ణి మడతల పిన్ని అనేవాళ్ళు. పదకొండేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే, ఉతికి ఆరిన పక్కదుప్పట్లు మడతపెట్టడం. రోజుకు నాలుగు వందల దుప్పట్లు. పొడవాటి బల్ల మీద దుప్పటి పరిచి అరచేత్తో ఒక్కసారి నిమిరితే చాలు, ముడతలన్నీ చెప్పిన మాట విన్నట్టు మాయమయ్యేవి. ఆ నిమిరే చెయ్యి ఎడమది. అసలు తంటా అంతా అక్కడే వచ్చింది.

ఎందుకంటే పిన్నికి ఒకే ఒక్క కోరిక ఉండేది. మడత బల్లకు ఎదురుగా, అద్దాల తలుపు అవతల కుట్టుగది. అందులో మూడు మిషన్లు. మూడో మిషను మీద కుట్టే ఆవిడ రిటైరై రెండేళ్ళయింది, కుర్చీ అప్పట్నుంచీ ఖాళీ. పిన్ని రోజుకు నాలుగు వందల దుప్పట్లూ ఆ కుర్చీని చూస్తూనే మడతపెట్టేది. రెండుసార్లు సిగ్గు విడిచి అడిగింది కూడా. రెండుసార్లూ కత్తెరక్క ఒకటే జవాబు చెప్పింది.

కత్తెరక్క కుట్టుగదికి పెద్ద. నడుముకు కత్తెర వేలాడేసుకుని తిరుగుతుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. ఆవిడ నోటి దెబ్బ తిన్నవాళ్ళు మాత్రం వేరే కారణం చెబుతారు. ముప్పై ఏళ్ళ అనుభవం, పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. పుర్రచేతివాళ్ళకు మిషను అప్పగించకూడదన్నది ఆ మూడు కాళ్ళలో ఒకటి. వాళ్ళు గుడ్డను తప్పు వైపు నుంచి పెడతారట, సూదులు విరగ్గొడతారట, పక్కవాళ్ళను మోచేత్తో పొడుస్తారట. "నీ చెయ్యి మడతలకే పుట్టిందమ్మా, దాన్నెందుకు కష్టపెడతావు," అంది రెండోసారి, నవ్వుతూ. నవ్వుతూ అన్నందుకే పిన్నికి ఎక్కువ మండింది.

ఇంటికెళ్ళి అత్తతో చెప్పుకుంది. అత్తకు ఎనభై దాటాయి. పళ్ళసెట్టు పెట్టుకుంటేనే మాట స్పష్టంగా వస్తుంది, పెట్టుకోకపోయినా మాట మాత్రం ఆగదు. కోడలి ఎడమచేతి మీద ఆవిడ వేసిన ఛలోక్తులకు లెక్కే లేదు. మా కోడలు డబ్బా మూత బిగిస్తే విప్పడానికి ఇంకో పుర్రచెయ్యి కావాలని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అయితే ఆ మాట తాననాలి గానీ బయటివాళ్ళంటే ఊరుకోదు. ఆ సాయంత్రం కత్తెరక్కను ఉతికి ఆరేసింది. పిన్ని మొగుడు అదే ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు, ఇంట్లోనూ అంతే, ఎవరు మీట నొక్కితే అటు పోతాడు. తల్లి నొక్కింది కాబట్టి ఆయనా రెండు తిట్లు తిట్టి టీవీ పెట్టుకున్నాడు.

ఇలా ఉండగా లాండ్రీకి బట్టలు ఆరబెట్టే యంత్రాలొచ్చాయి. మేడ మీద ఏళ్ళ తరబడి దుప్పట్లు మోసిన నూలుతాళ్ళన్నీ విప్పి, చుట్టలు చుట్టి, కుట్టుగది మూల పడేశారు. చిటికెనవేలంత లావు, ఎండకూ వానకూ రాటుదేలిన తాళ్ళు. పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

సరిగ్గా అప్పుడే పిల్లల వార్డు హెడ్ నర్సు దిగొచ్చింది. తన వార్డులో ఇరవై నాలుగు మంచాలు. ఒక్కో మంచం పక్కన దువ్వెన, బొమ్మ, రంగు పెన్సిళ్ళు పెట్టుకోవడానికి ఒక బుట్ట కావాలి. ప్లాస్టిక్ బుట్టల అంచులు పిల్లల చేతులు గీరుతున్నాయి. తాడుకు పాత దుప్పట్ల పీలికలు చుట్టి, ఆ తాడును గుండ్రంగా తిప్పుకుంటూ, వరస పక్కన వరస పెట్టి మిషను మీద జిగ్‌జాగ్ కుట్టేస్తే మెత్తటి బుట్ట వస్తుందని ఆవిడ ఎక్కడో చూసింది. అలాంటివి చేసిపెట్టండి, ఊగకుండా కూర్చుంటే చాలు, అంది. అదెంత పని, అంది కత్తెరక్క.

పని తేలికదే. కానీ మొదటి బుట్ట అడుగు తాబేటి వీపులా ఉబ్బింది. బల్ల మీద పెడితే అటూ ఇటూ ఊగింది. రెండోది ఇంకా ఊగింది. మూడోది చూసి రెండో మిషనావిడ నవ్వాపుకోలేక దారం వెతికే నెపంతో బల్ల కింద దూరింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తాడు పాతదైపోయిందనీ, దారం నాసిరకమనీ, బల్లే వంకరగా ఉందనీ కత్తెరక్క వరసగా అందరినీ తప్పుపట్టింది.

అద్దాల తలుపు ఇవతల నుంచి పిన్నికి మాత్రం సంగతి అర్థమైపోయింది. ఎన్నో ఏళ్ళు గుడ్డను బిగువుగా పట్టి కుట్టిన చెయ్యి కత్తెరక్కది. తాడునూ అలాగే బిగించి లాగుతోంది. బిగించిన ప్రతి వరసా లోపలి వరసను నొక్కేస్తుంటే నడిమి భాగం ఎక్కడికి పోతుంది, పైకి లేస్తుంది. దుప్పటైనా అంతే. లాగితే మెలి తిరుగుతుంది, వదిలేసి నిమిరితే దానంతటది పడుకుంటుంది. పిన్ని తలుపు తోసుకుని వెళ్ళి నోరు జారింది.

"అక్కా, తాడును లాగకండి. దాని మానాన దాన్ని పోనివ్వండి."

కుట్టుగదిలో మిషన్లు ఆగిపోయాయి. కత్తెరక్క కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"అయితే నువ్వే కుట్టు. మూడో మిషనుంది కదా. ఈ వారమంతా భోజనాల గంటలో కూర్చో. శుక్రవారానికి నీ బుట్ట ఊగకుండా నిలబడితే ఆ కుర్చీ నీది. నిలబడకపోతే మళ్ళీ కుర్చీ మాట ఎత్తకూడదు."

సోమవారం మధ్యాహ్నం పిన్ని ఆ కుర్చీలో కూర్చుంది. రెండేళ్ళుగా ఎవరి బరువూ ఎరగని కుర్చీ కిర్రుమంది. ఆ చప్పుడుకే ఆవిడ కడుపు నిండిపోయింది, తెచ్చుకున్న డబ్బా మూత కూడా తీయలేదు. నీలం గీతల దుప్పటి పీలికను తాడుకు ఏటవాలుగా చుట్టి, కొసను నత్తగుల్లలా తిప్పి, సూది కింద పెట్టి పెడల్ నొక్కింది. తాడును వేళ్ళ మధ్య నుంచి ఊరికే జారనిచ్చింది. చుట్ట కాగితంలా చదునుగా వచ్చింది.

కానీ జానెడు వెడల్పు రాగానే ఆగిపోయింది. పిన్ని పుర్రచేతి మనిషి కాబట్టి తాడును ఎడమచేత్తో అందించింది. తాడు ఎడమ నుంచి వస్తే చుట్ట కుడి వైపుకు పెరుగుతుంది. కుడి వైపున మిషను మొండెం ఉంది. సూదికీ దానికీ మధ్య ఉన్నదే జానెడు చోటు. చుట్ట అక్కడికెళ్ళి తగిలి ఇక కదల్లేదు. కత్తెరక్క డబ్బా మూత పెట్టుకుంటూ అంతా చూసింది. ఆ చూపు పిన్నికి తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

మంగళవారం కుడిచేత్తో అందించి చూసింది. ఆ చేతికి ఎప్పుడూ అలాంటి పని చెప్పిందే లేదు. మొదటి చుట్టు తిప్పేటప్పుడే తాడు ముద్దకట్టి సూది ఠప్పున విరిగింది. చెప్పానా, అన్నట్టు కత్తెరక్క కనుబొమలు లేచాయి. బుధవారం మళ్ళీ ఎడమచేత్తోనే మొదలుపెట్టి, జానెడు కూడా రాకముందే కోపం కొద్దీ గోడ లేపేసింది. నాలుగు వరసలు లేచి అదీ ఇరుక్కుంది. అంత కష్టానికీ చివరికి మిగిలింది చిన్న గిన్నెంత బుట్ట.

ఇంట్లో అత్త దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తన పళ్ళసెట్టు అందులో పెట్టేసుకుంది. సరిగ్గా సరిపోయిందట. పిన్నికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంకెన్నడూ ఆ తలుపు వైపు చూడకూడదు కాబోలు అనుకుంది. ఆవిడ మొహం చూసి అత్త ఛలోక్తులు కట్టిపెట్టింది.

"ఆవిడకి ముప్పై ఏళ్ళ పనుందని భయపడతావేంటే. నీకు పదకొండేళ్ళ పని లేదూ? మడతపెట్టడం పని కాదా?"

గురువారం పొద్దున పిన్ని మడత బల్ల దగ్గర నిలబడి ఆ మాటే తలుచుకుంటోంది. ఆసుపత్రి దుప్పట్లకు ఒక మూల ముద్ర ఉంటుంది. యంత్రంలోంచి బోర్లా వచ్చిన దుప్పటిని ఆవిడ అలవాటుగా పట్టుకుని తిరగేసింది. ఎడమ మూల ఉన్న ముద్ర కుడి మూలకు వచ్చింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల దుప్పట్లు అలా తిరగేసిందో. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

బల్ల కింద పెట్టిన భోజనం సంచిలో సోమవారం నాటి చుట్ట ఉంది. తీసి బల్ల మీద పెట్టి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు తిరగేసింది. ఎడమ వైపు వేలాడుతున్న తాడు కుడి వైపుకు వచ్చింది. అంతే. మూడు రోజులుగా ఆవిడ మిషనుతో కొట్లాడింది, చేతితో కొట్లాడింది, చుట్టకు రెండో వైపు ఉందన్న సంగతే మరిచిపోయింది. తనను తాను తిట్టుకోవాలనిపించింది గానీ అప్పటికే పెదవులు నవ్వుతున్నాయి.

మధ్యాహ్నం ఆ చుట్టనే తిరగేసి సూది కింద పెట్టింది. ఇప్పుడు చుట్ట ఎడమ వైపున, ఆకాశమంత ఖాళీలో ఉంది. తాడు కుడి నుంచి వస్తోంది. మొదటి చుట్లు ఎప్పుడో అయిపోయాయి, ఇక తాడుకు కావలసింది జారనివ్వడమే, ఆ మాత్రం కుడిచెయ్యీ చేస్తుంది. పెరిగే చుట్టను మోసేది, సమంగా తిప్పేది, అడుగు పూర్తయ్యాక ఏటవాలుగా ఎత్తిపట్టి గోడ నిలబెట్టేది అంతా ఎడమచెయ్యి. ఇన్నాళ్ళూ అందరూ వద్దన్న చెయ్యే ఈ పనికి కావలసిన చెయ్యి. వరస తరవాత వరస గోడ నిటారుగా లేస్తుంటే పిన్ని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి ఏ చెయ్యీ ఖాళీ లేక అలాగే కుట్టింది. రెండో మిషనావిడ తినడం మానేసి చూస్తూ కూర్చుంది.

శుక్రవారం కత్తెరక్క కూడా కొత్త బుట్ట తెచ్చింది. ఓడిపోవడం ఆవిడకు అలవాటు లేదు. గులాబీ, పసుపు పీలికలతో కళ్ళు చెదిరేలా ఉంది. అడుగు చదునుగా కూడా ఉంది. ఎలా వచ్చిందో పిన్నికి తెలుసు. పొద్దున దుప్పట్ల ఇస్త్రీ ప్రెస్సు కింద నుంచి ఆ బుట్ట అడుగు ఆవిర్లు కక్కుతూ బయటికి రావడం ఆవిడ కళ్ళారా చూసింది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేసింది. చాడీ చెప్పి సంపాదించిన కుర్చీలో సుఖంగా కూర్చోలేనని ఆవిడకు తెలుసు.

బుట్టలు చూడ్డానికి దిగొచ్చిన హెడ్ నర్సు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ కదలకుండా నిలబడ్డాయి. ఆవిడ చెయ్యి గులాబీ బుట్ట మీదకు వెళ్ళింది. రంగులు పిల్లలకు నచ్చుతాయి, అంది. పిన్ని బుట్ట వట్టి నీలం గీతల బుట్ట.

"బాగున్నాయి. కానీ ఉతక్కుండా నా వార్డులోకి ఏదీ రాదు. రెండూ మిషన్లో వెయ్యండి," అంది హెడ్ నర్సు.

కత్తెరక్క మొహంలో రక్తం లేదు. రెండు బుట్టలూ వేడినీళ్ళలో పడ్డాయి. గుండ్రటి గాజు తలుపు వెనక నీలం, గులాబీ కలిసి దొర్లుతుంటే నలుగురూ నిలబడి చూశారు. ఉతుకు అయింది, ఆరబెట్టే యంత్రంలోకి వెళ్ళాయి. పిన్ని ఊరికే నిలబడలేక పక్కనున్న దుప్పటొకటి తీసి మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

బయటికి తీశారు. నీళ్ళలో ఇస్త్రీ అంతా కరిగిపోయింది. గులాబీ బుట్ట అడుగు మళ్ళీ ఉబ్బింది. హెడ్ నర్సు రెండు గ్లాసుల నిండా నీళ్ళు పోయించి రెండు బుట్టల్లోనూ పెట్టి, జ్వరం పిల్లాడు చెయ్యి విసిరినట్టు, ఒక్కోదాని అంచు మీద ఒక్క దెబ్బ వేసింది. గులాబీ బుట్ట ఊగింది, నీళ్ళు సగం బల్ల మీద ఒలికాయి. నీలం బుట్ట అంచు కాస్త వంగి మళ్ళీ లేచిందే గానీ అడుగు కదల్లేదు. నిండు కుండ తొణకదంటారు, ఆ వేళ నిండు గ్లాసూ తొణకలేదు.

హెడ్ నర్సు ఇంకో దెబ్బ వేసింది, కాస్త గట్టిగా. చుక్క ఒలకలేదు.

"ఇరవై నాలుగూ మీరే కుట్టండమ్మా. కాస్త రంగులు కలపండి," అని చెప్పి పైకి వెళ్ళిపోయింది.

కత్తెరక్క నీలం బుట్టను తీసుకుని బోర్లించింది. అడుగున వేలు పెట్టి నడుమ నుంచి అంచు దాకా వరస వెంట వరస తడిమింది. ఒకచోట, నడుమ నుంచి బెత్తెడు దూరంలో వేలు ఆగింది. చుట్టను తిరగేసిన చోటు అది. అక్కడి నుంచి కుట్టు ముఖం మారింది. చూసేవాళ్ళెవరికీ తెలియదు, ఆవిడ వేలికి తెలిసింది. బుట్టను మళ్ళీ నిలబెట్టి బల్ల మీద పెట్టింది.

"తిరగేస్తే సరిపోతుందని నాకు తట్టలేదు," అంది చివరికి. "నా చెయ్యి బిగుసుకుపోయింది. సోమవారం నుంచి వచ్చి కూర్చో. వచ్చాక ఆ తాడు వదలడమేదో నాకూ చూపించు."

సోమవారం పిన్ని వచ్చేసరికి మూడో మిషను దగ్గర దీపం, దారాల స్టాండు, కత్తెర పెట్టుకునే పెట్టె అన్నీ ఎడమ వైపుకు మారి ఉన్నాయి. కత్తెరక్క తన మిషను మీద నుంచి తలెత్తకుండా కుడుతోంది. కుర్చీ కిర్రుమంది. అద్దాల తలుపు అవతల మడత బల్ల కనిపించింది. ఇటు వైపు నుంచి దాన్ని చూడడం ఆవిడకు అదే మొదటిసారి.

ఆ సాయంత్రం పక్కింటావిడ వచ్చి అత్త దగ్గర కూర్చుంది. మాటల మీద మాటలొచ్చి, ఆసుపత్రిలో ఏదో బుట్టల పందెం జరిగిందట కదా, ఎవరు గెలిచారని అడిగింది. అత్త చెప్పబోయి ఆగింది. చేయి చాచి బల్ల మీది నీలం గీతల చిన్న బుట్ట అందుకుంది. అందులోంచి పళ్ళసెట్టు తీసి, కడుక్కొచ్చి, సరిగ్గా అమర్చుకుంది. ఈ ఒక్క మాటలో ఒక్క అక్షరం కూడా పోకూడదు మరి.

"మా కోడలు," అంది. "పుర్రచెయ్యి."